దిడ్డి దర్వాజ పక్కన ఇరవై మూడేళ్లు

నాకు రాయడం రాదు. సంతకం వస్తుంది, అదీ మూడక్షరాలే, మల్లవ్వ అని. అందుకే నేను చెబుతుంటే సరోజన రాస్తోంది. సరోజన ఇంటర్ చదివింది. పెనిమిటి దుబాయిలో ఉంటాడు. మా ఊరి గడిలో నేను చేసిన పనిలోకి పోయిన నెల ఆమే వచ్చింది. నేను నా మాటలో చెబుతాను, ఆమె బడిలో నేర్చిన మాటలో పెడుతుంది. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను. అవి మారిస్తే ఇక చెప్పడం దేనికి?

గడి అంటే మా దిక్కు దొరలు ఉండిన ఇల్లు. ఇల్లు అంటున్నాను గానీ చుట్టూ కోటగోడ. మంథని నుంచి పెద్దపల్లి పోయే బస్సు దిగి వరిచేల మధ్య నడుస్తూ వస్తే ముందు ఆ గోడే కనబడుతుంది, తరువాతే ఊరు. దొరలు పట్నం పోయాక చాలా ఏళ్లు గబ్బిలాలే కాపురమున్నాయి. ఆ తరువాత దొరల వారసులు బాగుచేయించి, సెలవుల్లో వచ్చేవాళ్లకు టికెట్ పెట్టి చూపించడం మొదలుపెట్టారు. మొదట మా ఆయన కొమురయ్య కావలి ఉన్నాడు. ఒక వానాకాలం పెంకులు సర్దడానికి పైకెక్కి జారిపడ్డాడు. దినాలు అయిపోయాక మేనేజరు సారు తాళాల గుత్తి తెచ్చి నా ముందు పెట్టారు. నా ఉద్యోగం అలా మొదలైంది.

ఎల్లవ్వ అనే ముసలామె గడి పెద్ద దర్వాజలోంచి ఒక్కసారి నడవాలని చాలా దూరం నుంచి వచ్చింది. నేను నడవనివ్వలేదు. అది చెప్పడానికే కూర్చున్నాను. మిగిలినవి ఆ దారిలో వచ్చేవే.

పని ఎలా ఉంటుంది

ఈ పనిలోకి వచ్చేవాళ్లు తాళం తీయడం, వేయడం అనుకుంటారు. పొద్దున లేస్తే గబ్బిలాల పెంట ఎత్తాలి. ఎంత ఊడ్చినా ఆ వాసన పోదు, మన చీరలకు పడుతుంది, మన ఇంటికి వస్తుంది. మా ఆయన పోయిన ఏడాది ఆ వాసన తగిలితే చాలు, వెనకే నిలబడ్డాడేమో అని తిరిగి చూసేదాన్ని.

పద్నాలుగు తాళాలు. నంబర్లు చదవలేను కాబట్టి వేలితో తడిమి గుర్తుపట్టేదాన్ని. సరోజన రంగు రంగు దారాలు కట్టుకుంది. మంచిదే. కానీ కరెంటు పోయినప్పుడు లోపలి అర్రలలో రంగులు కనబడవమ్మా. వేలికి కూడా నేర్పుకో.

చూడవచ్చేవాళ్ల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పదిమందిలో ఏడుగురు లంకెబిందెల గురించి అడుగుతారు. దయ్యాలున్నాయా అని ఇంకొందరు. ఒకాయన అడిగాడు, "ఏమ్మా, ఇంత పెద్ద ఇంట్లో ఒక్కదానివే ఉంటవు, ఎన్నడన్న దయ్యం కనవడ్డదా?" నేనన్నాను, "గిప్పటిదాక పట్నం నుంచి వచ్చినోళ్లే కనవడ్డరు సారు." ఆయన నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు.

పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు వస్తారు. ఒక ఫొటోల అబ్బాయి నన్ను పక్కకు జరగమన్నాడు. జరిగాను. కొంచెంసేపటికి మళ్లీ పిలిచాడు. "అమ్మా, చీపురు పట్టుకొని గా స్తంభం కాడ జర నిలవడు, మంచిగస్తది." నిలబడ్డాను. పెళ్లికూతురు ముందు, నేను వెనక. ఆ ఫొటో వాళ్ల ఇంట్లో ఎక్కడో గోడకు ఉండి ఉంటుంది. చీపురుతో నేను. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించకపోవడమే ఈ పనిలో పెద్ద జబ్బు. అది ఎప్పుడు పట్టిందో నాకు తెలియలేదు.

మేనేజరు సారు చెప్పించిన మాటలు

లోపలికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో సారు నాకు కంఠతా పట్టించారు. గోడ మందం ఎంత, గచ్చులో ఏమేం కలిపారు, ఊయల గొలుసులు ఎక్కడివి. టేకు దూలాలు ఆసిఫాబాద్ అడవుల నుంచి బండ్ల మీద వచ్చాయని చెప్పాలి. ఒకసారి ఒక టీచరమ్మ అడిగింది, "బండ్లు ఎవరు తోలారమ్మా?" నా నోటి దాకా వచ్చింది. పక్కనే ఉన్న సారు అందుకున్నారు. "దొరవారి బండ్లేనమ్మా." ఆమె అడిగింది బండ్ల గురించి కాదు. ఆ సంగతి సారుకూ తెలుసు, నాకూ తెలుసు.

వాళ్లు పోయాక సారు అన్నారు, "మల్లవ్వా, వచ్చినోళ్లు సెలవు దినం సంతోషంగ గడుపుకోను వచ్చిండ్రు. ఏడిపిచ్చి పంపుడు మనకెందుకు?"

మా అత్త ఈ గడిలో వెట్టి చేసింది. వెట్టి అంటే కూలి లేని చాకిరీ. ఇంటికింత అని వంతులుండేవి. వంతు వచ్చిన రోజు కడుపుతో ఉన్నా, బాలెంత అయినా పోవాలి. నీళ్లు మోయాలి, వడ్లు దంచాలి, మగవాళ్లైతే బండ్లు తోలాలి. దంపుడు అర్ర ఇప్పటికీ వెనక వాకిట్లో ఉంది. రోలు దగ్గర నేల గుంటపడి ఉంటుంది. అది ఆడవాళ్ల మడిమలు పడి పడి అరిగిన గుంట. దానిమీద చాప పరిచి దాటించేవాళ్లం, ఎవరి కాలన్నా మడతపడుతుందని.

సారు చెడ్డవాడని నేను అనను. నాకు జ్వరం వస్తే తన బండి మీద పెద్దపల్లి దవాఖానకు తీసుకుపోయిన మనిషి. మంచివాళ్ల కింద పని చేసేటప్పుడే ఎక్కువ మింగుతాం. చెడ్డవాడైతే ఎదురు తిరగాలని అన్నా అనిపిస్తుంది.

రెండు దర్వాజలు

గడికి ముందు పెద్ద దర్వాజ. రెండు టేకు రెక్కలు, ఏనుగు పట్టేంత ఎత్తు. పక్కగోడకు దిడ్డి, అంటే వంగి దూరితే వెనక వాకిట్లోకి తేలే చిన్న దర్వాజ. దొరల కాలంలో పెద్ద దర్వాజ దొరలకు, వాళ్ల చుట్టాలకు. ఊరి మనుషులు దిడ్డిలోంచే, అదీ చెప్పులు బయట విడిచి, తల వంచి. దిడ్డి ఎత్తు చూశావు కదా సరోజనా, అందులో ఎవరైనా వంగాల్సిందే. అలాగే కట్టించారు.

దొరలు పోయి అన్నేళ్లయినా మా ఆయన దిడ్డిలోంచే పోయేవాడు. ఆయన వెనక నేను. బావి పూడిక తీయడానికి వచ్చిన మనుషుల్నీ, చుట్టాలకు గడి చూపిద్దామని వచ్చిన ఊరివాళ్లనూ నేను దిడ్డిలోంచే పంపేదాన్ని. "చెప్పులు గాడ ఇడువుండ్రి" అనేదాన్ని. కారు దిగినవాళ్లకు మాత్రం పెద్ద దర్వాజ తీసేదాన్ని. వాళ్లు బూట్లతోనే నడిచేవాళ్లు. ఎవరూ తప్పు పట్టలేదు. నాకు కూడా అది తప్పని తోచలేదు. తప్పా ఒప్పా అన్న ప్రశ్నే తోచలేదు.

ఆ పెద్ద దర్వాజ మరమ్మతుకు ఆదిలాబాద్ నుంచి రహీం సాబ్ అనే పెద్ద మిస్త్రీ వచ్చేవాడు. పాత టేకు పనిలో ఆయన అంత చేయి నేను చూడలేదు. ఎడమ రెక్క వానాకాలం ఉబ్బి కింద పట్టుకునేది. కొంచెం పైకెత్తి తోయాలని నాకు నేర్పింది ఆయనే.

"మల్లవ్వా, రోజు తెరువాలె గీ దర్వాజ. తెరువకుంటె జామైతది."

"రోజెవరొస్తరు సాబ్, తెరువను?"

"నువ్వొస్తలేవా రోజు?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, రంపం అందుకున్నాడు.

ఎల్లవ్వ వచ్చిన రోజు

అది దసరా సెలవులప్పుడు. పట్నం నుంచి రెండు బండ్ల నిండా మనుషులు వస్తున్నారని సారు ఫోను చేశారు. రహీం సాబ్ అరుగు మీద కూర్చుని కొత్త గడియకు చెక్క చెక్కుతున్నాడు. నేను పెద్ద దర్వాజ తీసి ముగ్గు పెట్టాను. అప్పుడు ఆటోలోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకామె నా ఈడుది. ఆమె చేయి పట్టుకుని ఇంకొకామె, ఎనభై దాటిన మనిషి, చేతిలో కర్ర. కొత్త చీర కట్టుకుంది. మడతలు ఇంకా విడలేదు.

"ఏ ఊరవ్వా?" అన్నాను.

"గీ ఊరే బిడ్డా. అంత సదురుకొని ఆసిఫాబాద్ దిక్కు పోయినం, నా లగ్గం కాకముందే. నా పేరు ఎల్లవ్వ. గిది నా బిడ్డ రాజవ్వ."

"గడి సూడను వచ్చిండ్రా?"

"గడి కాదే. గీ దర్వాజల నడిసి లోపటికి పోవాలె. ఒక్కపారి. గంతే."

అప్పటికే బండ్ల హారన్ వినబడుతోంది. నా ధ్యాసంతా వాళ్ల మీద ఉంది. నేను అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"పట్నపోళ్లు వస్తుండ్రు అవ్వా, గిటు రాండ్రి. మనోళ్లంత దిడ్డిలకెల్లి. చెప్పులు గాడ ఇడువుండ్రి."

ఎల్లవ్వ దిడ్డి వైపు చూసింది. బండ్లు వచ్చి ఆగాయి. పిల్లలూ పెద్దలూ దిగి, సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకుని పెద్ద దర్వాజలోంచి లోపలికి పోయారు. ఒక పిల్ల నా ముగ్గు తొక్కింది. ఎల్లవ్వ వాళ్ల కాళ్ల వైపు కర్ర చూపించింది.

"గాళ్ల కాళ్లకున్నయి గదనే చెప్పులు."

"గాళ్లు వేరే అవ్వా."

"మనోళ్లంటె ఎవలు బిడ్డా?"

జవాబు చెప్పడానికి తీరిక లేదనుకున్నాను. లోపల నుంచి ఎవరో "గైడమ్మా" అని పిలుస్తున్నారు. రాజవ్వ నా వైపు చూసి, "పొద్దుగాల బస్సెక్కినం చెల్లె. మంచిర్యాలల మారి వచ్చినం. మోకాళ్లు నొస్తున్నయన్నా ఇనలే మా అవ్వ" అంది. ఎల్లవ్వ ఆమె చేయి లాగింది. "పోదాం పా. దిడ్డి నేను సూసిందే." అంతే. ఆటో ఇంకా తిరిగిపోలేదు. మళ్లీ అదే ఆటో ఎక్కారు.

నేను లోపలికి పోయి గోడ మందం ఎంతో చెప్పాను.

ఎవరు చెప్పారు

ఆ సాయంత్రం రహీం సాబ్ సామాను సర్దుకుంటూ అన్నాడు, "ఆ ముసలామె ఊరికె రాలే మల్లవ్వా. తెలుసుకో జర."

తెలుసుకున్నాను. ఊరి ముసలివాళ్లలో ఒకామెకు గుర్తుంది. ఎల్లవ్వ పిల్లగా ఉన్నప్పుడు వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, వెట్టి వంతుకు వచ్చి, దంపుడు అర్రలోనే కూలబడి ప్రాణం విడిచింది. శవాన్ని కూడా పెద్ద దర్వాజలోంచి పోనివ్వలేదు. దిడ్డిలో పాడె పట్టదు. అందుకని గొంగట్లో చుట్టి, వంగి, ఈడ్చినట్టుగా బయటికి తీశారు. ఎల్లవ్వ వెనకే నడిచింది.

ఆ దిడ్డి వైపే నేను ఆమెను పొమ్మన్నాను.

సారు దగ్గరికి పోయాను. "సారు, ఊరోళ్లను గూడ పెద్ద దర్వాజలకెల్లి పంపుత. మీరు ఒప్పుకోవాలె" అన్నాను. గట్టిగానే అన్నాను. వద్దంటే గుత్తి అక్కడే పెట్టి వద్దామని పోయాను.

సారు విచిత్రంగా చూశారు. "పంపు. ఎవలు వద్దన్నరు?"

"మీరే కద సారు..."

"నేనెప్పుడు చెప్పిన్నే దిడ్డిలకెల్లి పంపుమని? కొమురయ్యకు గూడ చెప్పలే. మీరే పంపుతున్నరు. మీకు గట్లనే మంచిగున్నదేమో అనుకున్న."

నేను వెతికాను. ఆయన చెప్పిన రోజు ఏదైనా ఉందా అని పదిహేడేళ్లు వెనక్కి వెతికాను. లేదు. నాకు దొరలు చెప్పలేదు, సారు చెప్పలేదు. దొర ఎప్పుడో పోయాడు, దిడ్డికి కావలి నేను కాశాను. జీతం మనిషి చేసే తప్పుల్లో ఇదొక రకం. పైవాడు చెప్పింది చేయడం కాదు, పైవాడు చెప్పనిది కూడా చేసిపెట్టడం. సారు మీద కోపం పెట్టుకునే దారి కూడా లేకుండా పోయింది.

ఆయన మాత్రం ఎందుకు ఊరుకున్నారు అని నువ్వడిగావు సరోజనా. ఆయనకు అడ్డం రాలేదు కాబట్టి. నేను చూసినంతలో ఇంతకంటే పెద్ద కారణం నాకు దొరకలేదు.

ఆసిఫాబాద్ పోయి వచ్చాను

రాజవ్వ ఊరు ఆటోవాడు చెప్పాడు. పత్తి ఏరే పనులు సాగుతున్నప్పుడు పోయాను. జీపు మాట్లాడుకుని ఎల్లవ్వను తెద్దామని నా ఆలోచన. దారి పొడవునా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. వాకిట్లో పత్తి కుప్ప, దాని పక్కన నులకమంచం మీద ఎల్లవ్వ. మోకాళ్లు పడిపోయాయి. మా ఊరి నుంచి తిరిగొచ్చిన తరువాత మళ్లీ లేవలేదని రాజవ్వ చెప్పింది. నిష్టూరంగా అనలేదు. వానలు పడలేదు అన్నట్టు చెప్పింది. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఎల్లవ్వ నన్ను గుర్తుపట్టింది. "దిడ్డి కాడి పిల్ల గదా" అంది. నాకు అప్పటికి అరవై.

"అవ్వా, తప్పయింది. జీపు తెచ్చిన. పెద్ద దర్వాజ తెరిసిపెడుత. నిన్ను మంచంతోని ఎత్తుకపోయి లోపట దించుతం."

"అద్దు బిడ్డా."

"ఎవ్వలేమనరు. నేనడిగిన."

"ఎత్తుకపోతె అది నేను పోయినట్టు గాదు. మా అవ్వను గూడ ఎత్తుకొనే పోయిండ్రు. నా కాళ్లతోని నడుద్దామనుకున్న నేను." కొంచెం ఊపిరి తీసుకుని, "నా పానం బాగున్ననాడే వచ్చిన గద" అంది.

నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాను. రాజవ్వ చాయ్ తెచ్చింది. గ్లాసు పక్కన పెట్టాను. ఎల్లవ్వ నా తల మీద చెయ్యి వేసి అడిగింది.

"నువ్వు నడుస్తవా బిడ్డా దాంట్లకెల్లి?"

"నేను పనిమనిషిని అవ్వా."

ఆమె నవ్వింది. పళ్లు లేవు. "మేమేం కలెక్టర్లమానే?"

ఖాళీ జీపులో తిరిగి వచ్చాను. ఆ ఎండాకాలంలో ఎల్లవ్వ పోయిందని రాజవ్వ ఫోను చేసింది. "ఎన్నడన్న ఒకనాడు నేనొస్త చెల్లె. మా అవ్వ అనుకున్నది నేనన్న నడుస్త" అంది. రమ్మన్నాను. ఐదేళ్లయింది, ఇంకా రాలేదు. ఎప్పుడు రావాలన్నా వాళ్లకు పత్తి, మిరప, మనుమరాలి కాన్పు. ఆమె మోకాళ్లు కూడా వాళ్ల అవ్వవే.

ఎల్లవ్వ వచ్చిపోయిన నాటి నుంచి ఊరివాళ్లకూ పెద్ద దర్వాజే తీశాను. చెప్పులు విడవమని ఎవరితోనూ అనలేదు. దంపుడు అర్రలో చాప తీసేశాను. ఆ గుంట ఏమిటని అడిగినవాళ్లకు చెప్పాను. సారు రెండుసార్లు చూశారు, ఏమీ అనలేదు. కొందరు వింటారు, కొందరు సెల్‌ఫోన్ చూసుకుంటారు. ఒకామె, "అయ్యో, మూడంతా పాడు చేశావమ్మా" అంది. ఇదంతా చేశాను కాబట్టి తప్పు తీరిందని మాత్రం అనుకోకండి. ఎవరికి చేయాలో ఆమెకు చేయలేదు.

నా ఆఖరి రోజు

ఇది సరోజనకు తెలుసు. అయినా రాయమన్నాను.

ఊరివాళ్లందరినీ పెద్ద దర్వాజలోంచి పంపాను గానీ నేను మాత్రం దిడ్డిలోంచే తిరిగాను. పొద్దున చీపురు అక్కడ ఉంటుంది, బకెట్ అక్కడ ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పని మానే రోజు మాత్రం పెద్ద దర్వాజలోంచి బయటికి నడుస్తానని సరోజనతో అన్నాను. ఎల్లవ్వ అడిగినదానికి జవాబు అలా చెబుదామని. ఆ రోజు చెప్పులు వేసుకునే గడి అంతా తిరిగాను. సరోజన పెద్ద దర్వాజ రెండు రెక్కలూ తెరిచి, లోపల ఊయల పక్కన నిలబడింది, నన్ను సాగనంపడానికి. నేను తాళాల గుత్తి ఆమె చేతికిచ్చాను. "చీపురు జాగల పెట్టి వస్త" అని వెనక వాకిట్లోకి పోయాను.

చీపురు గోడకు ఆనించాను. బకెట్ బోర్లించాను. తల వంచాను. తల ఎత్తేసరికి బయట ఉన్నాను.

నా కాళ్లే తీసుకుపోయాయి. గోడ వెంబడి తిరిగి ముందుకు వచ్చాను. దర్వాజ తెరిచే ఉంది. లోపల సరోజన ఇంకా వెనక వాకిలి వైపే చూస్తోంది. గడప దాకా వచ్చి చూసుకుంటే నా చెప్పులు నా చేతిలో ఉన్నాయి. ఎప్పుడు విప్పానో తెలియదు.

అప్పుడు సరోజన తిరిగి చూసింది. "చెప్పులు తొడుక్కో పెద్దమ్మా, రా" అంది. నేను తొడుక్కోలేదు, పోలేదు. అటు నుంచి అటే ఇంటికి వచ్చాను. చెప్పులు ఇంటి దాకా చేతిలోనే ఉన్నాయి.

నా వల్ల కాలేదు. ఇంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను ఇచ్చే బుద్ధి కూడా పెద్దదేమీ లేదు. సరోజనా, రాజవ్వ వస్తుంది. ఆటోలో వస్తుంది, కర్ర పట్టుకుని ఉంటుంది. ఏ ఊరని అడగకు, టికెట్ అడగకు. ఆమె అరుగు ఎక్కకముందే తెరువు. వానాకాలమైతే ఎడమ రెక్క కింద పట్టుకుంటుంది. కొంచెం పైకెత్తి తోయి.